కొత్తగూడ చింతగింజలు

పిల్లలూ, ఈ నెల మనం కొత్తగూడ పోదాం. కొత్తగూడ అనగానే బొగ్గుగనుల కొత్తగూడెం అనుకునేరు, అది వేరు. హైదరాబాదులో పెద్ద పెద్ద మేడల మధ్య ఇంకొక కొత్తగూడ ఉన్నది, అదీ కాదు. మనం పోయేది మహబూబాబాద్ జిల్లాలోని అడవి కొత్తగూడకు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు వరంగల్ జిల్లాలోనే ఉండేది.

వరంగల్లులో బస్సెక్కితే సుమారు 40 కిలోమీటర్లకు నర్సంపేట వస్తుంది. అక్కడ బస్సు మారి కిటికీ పక్కన చోటు చూసుకోండి. కాసేపటికి పాకాల చెరువు కనబడుతుంది. చెరువంటే మన ఊరి చెరువు వంటిది కాదు, ఆవలి ఒడ్డు ఎక్కడో కొండల కాళ్ళ దగ్గర ఉంటుంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాల ముమ్మడి అనే మంత్రి రెండు కొండల నడుమ కట్ట పోయించి దీన్ని తవ్వించాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ నీళ్ళతో ఇంకా వరి పండుతున్నది. చెరువు దాటితే అడవే. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప. మార్చి నెలలో పోతే తెల్లవారుజామున ఇప్పపూలు ఏరేవాళ్ళు, ఎండలు ముదిరాక పోతే తునికాకు కోసేవాళ్ళు కనబడతారు. అడవి పలచబడ్డచోట పత్తి, మొక్కజొన్న చేలు. ఆ పైన కొత్తగూడ.

ఈ చుట్టుపట్ల ఊళ్ళలో కోయవారు చాలామంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర మీరు వినే ఉంటారు. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమికి జరిగే ఆ జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజును తీసుకుపోయేది ఈ పక్కనున్న పూనుగొండ్ల నుంచే. పూజారులు అడవి దారిన కాలినడకన పోతారు. కోయవారిలో "గట్టు" అనే లెక్క ఒకటున్నది. ఒకే గట్టువాళ్ళు ఎంత దూరాన ఉన్నా, ఒకరినొకరు ఎన్నడూ చూడకపోయినా, అన్నదమ్ముల వరసే. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తాత తండ్రుల నుంచి నోటిలెక్కగా వస్తున్నది. పుస్తకం లేదు, చీటీ లేదు.

ఈ నోటిలెక్కకు అందని లెక్క ఇంకొకటి ప్రతి మనిషి ఒంట్లోనూ ఉన్నది. మనం ఇంత దూరం వచ్చింది దానికోసమే.

ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రి నాగలి పడితే సాయంత్రం దాకా దున్నగలడు. తల్లి నెత్తిన మోపు పెట్టుకుని మూడు మైళ్ళు నడవగలదు. ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. అక్క చెట్టెక్కి దూకుతుంది. తమ్ముడు మాత్రం నాలుగు రోజులు బడికి వస్తే రెండు రోజులు మంచాన పడతాడు. చలికాలం వచ్చిందంటే కాళ్ళ ఎముకల్లో, నడుములో, కీళ్ళలో నొప్పి. ఆ నొప్పి ఏడ్చినా తగ్గేది కాదు. కళ్ళు పచ్చగా ఉంటాయి. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. బడిలో వాడికి "బద్ధకపుగాడు" అని పేరు. ఇంట్లో ఒకరు గాలి సోకిందంటారు, ఒకరు దిష్టి అంటారు. ఇంకొకరు, ఇది అన్నిటికన్న చెడ్డమాట, "మా వంశంలో ఇట్లాంటిది లేదు, ఇది తల్లి వైపు నుంచే వచ్చింది" అంటారు. ఆ తల్లి ఏం చెప్పగలదు? ఆమె వైపూ ఎవరికీ లేదు!

ఆరోగ్యంగా ఉన్న ఇద్దరికి జబ్బు బిడ్డ ఎట్లా పుట్టాడు? అక్కకు లేనిది తమ్ముడికి ఎక్కడినుంచి వచ్చింది?

వాడి వేలికొన నుంచి ఒక్క బొట్టు రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మన ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, నడుమ కొంచెం నొక్కిన గారెల్లాగా ఉంటాయి. సన్నని రక్తనాళాల్లో మెత్తగా వంగి జారిపోతాయి. వీడి రక్తంలో కొన్ని కణాలు వరికోత కొడవళ్ళలాగా వంకర తిరిగి, బిరుసెక్కి కనబడతాయి. అవి నాళాల్లో ఒకదానికొకటి తట్టుకుని అడ్డం పడతాయి. కాలవలో కంప అడ్డం పడితే కింది మడికి నీరు అందనట్లే, ఆ కింది ఎముకకు ప్రాణవాయువు అందదు. అదే నొప్పి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం పది ఇరవై రోజులకే చితికిపోతుంది. అందుచేత రక్తం చాలదు, ఆయాసం వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి. ఈ జబ్బును సికిల్ సెల్ ఎనీమియా అంటారు. సికిల్ అంటే కొడవలే. 1910లో చికాగోలో హెరిక్ అనే వైద్యుడు ఈ కణాలను గురించి మొదట రాశాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో కనుగొన్నారు. తరువాత మధ్య భారతంలోను, మన గోదావరి పొడుగునా ఉన్న కోయ, గోండు గూడేల్లోను బయటపడింది. అట్లాగని ఇది ఏ ఒక్క జాతికో చెందిన జబ్బు అనుకోవద్దు. ఆఫ్రికాలో ఉన్నది, అరబ్బు దేశాల్లో ఉన్నది, గ్రీసులో ఉన్నది.

మిగతా సగం జవాబుకు మనకు సూక్ష్మదర్శిని అక్కరలేదు, చింతగింజలు చాలు.

అష్టాచెమ్మ ఆడటానికి మీరు చింతగింజలు అరగదీస్తారు గదా? గరుకు బండ మీద ఒక వైపు మాత్రం రుద్దితే ఆ వైపు తెల్లగా తేలుతుంది, రెండోవైపు నల్లగా మెరుస్తూనే ఉంటుంది. అట్లా అరగదీసిన గింజలు రెండు తీసుకోండి. రెండు అరగదీయనివి కూడా పక్కన పెట్టుకోండి, పని పడుతుంది.

మన ఒంటిలో ప్రతి లక్షణానికీ సూచన రాసిన చీటీల వంటివి ఉంటాయి. వాటిని జన్యువులంటారు. ఒక్కొక్క చీటీకి రెండేసి ప్రతులు. ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ తయారీకీ అటువంటి చీటీ ఉన్నది. మన చింతగింజ ఒక మనిషి అనుకుందాం. నల్ల వైపు మంచి చీటీ, తెల్ల వైపు కొడవలి చీటీ. ఆ తండ్రి దగ్గర రెండూ ఉన్నాయి. తల్లి దగ్గరా రెండూ ఉన్నాయి. మంచి చీటీ ఒక్కటున్నా చాలు, ఒళ్ళు దానితోనే పని గడుపుకుంటుంది. తెల్ల వైపు కింద దాగి ఉంటుంది. అందుకే వాళ్ళకు జబ్బు లేదు, తమ దగ్గర ఆ చీటీ ఉన్నదనే సంగతీ తెలియదు. అటువంటివారిని వాహకులంటారు. ఒక్క ప్రతి ఉన్నా పైకి కనబడే లక్షణాన్ని మీ పాఠ్యపుస్తకంలో బహిర్గత లక్షణమని, రెండు ప్రతులూ ఒకటైతేనే గాని బయటపడని దాన్ని అంతర్గత లక్షణమని రాశారు.

బిడ్డకు తండ్రి ఇచ్చేది రెండింటిలో ఒక్కటే. ఏది? గింజను ఎగరేయండి, పైకి ఏది పడితే అది. తల్లి గింజనూ ఎగరేయండి. రెండూ కలిపితే ఒక బిడ్డ.

నలుపు, నలుపు పడితే ఆ బిడ్డకు జబ్బూ లేదు, దాగిన చీటీ లేదు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు పడితే అమ్మానాన్నలలాగే వాహకులు. రెండూ తెలుపు పడితే మన తమ్ముడు.

ఇక కూర్చుని నలభై సార్లు ఎగరేసి రాసుకోండి. నేను ఎగరేస్తే పదకొండు సార్లు రెండూ నలుపు, ఇరవై ఒక్క సారి కలగలుపు, ఎనిమిది సార్లు రెండూ తెలుపు పడ్డాయి. మీకు ఇదే రాదు. కాని నలభైకి బదులు నాలుగు వందలు ఎగరేస్తే తెల్లజంటలు నూటికి ఇరవై అయిదు దగ్గరికి చేరుతాయి. నాలుగింట ఒకటి. (గింజ అడుగు సమంగా అరగకపోతే ఒక వైపుకే పడుతూ ఉంటుంది, చూసుకోండి.)

ఈ లెక్క మొదట పట్టుకున్నది ఒక సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో ఊరి మఠంలో గ్రెగర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా బఠానీ మొక్కలు పెంచాడు. పసుపు గింజల రకాన్ని, పచ్చ గింజల రకాన్ని కలిపితే వచ్చిన పిల్ల గింజలన్నీ పసుపే. పచ్చదనం పోయినట్లే కనబడింది. ఆ పసుపు గింజలను నాటి, వాటిలో వాటికే కాయనిస్తే 6,022 పసుపు గింజలు, 2,001 పచ్చ గింజలు వచ్చాయి! తాత పచ్చదనం ఎక్కడికీ పోలేదు, పసుపు వెనక దాగి ఉన్నదన్నమాట. మెండెల్ ఇదంతా 1866లో అచ్చు వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1884లో చనిపోయాడు. 1900లో గాని లోకం ఆయన కాగితాలు తెరిచి చూడలేదు.

మళ్ళీ మన గింజల దగ్గరికి వద్దాం. ఇక్కడ పెద్దవాళ్ళు కూడా పొరపడే చోటొకటి ఉన్నది. నాలుగింట ఒకటి అనగానే, "మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది, ఇక తరువాతి ముగ్గురికీ రాదు" అనుకుంటారు. గింజలకు జ్ఞాపకం ఉంటుందా? కిందటిసారి తెల్లగా పడ్డామని ఈసారి నల్లగా పడతాయా? ప్రతి బిడ్డకూ మళ్ళీ మొదటి నుంచి నాలుగింట ఒకటే. ఒక ఇంట్లో ముగ్గురికీ రావచ్చు, ఇంకొక ఇంట్లో అయిదుగురిలో ఎవరికీ రాకపోవచ్చు. ఇక తల్లి వైపా, తండ్రి వైపా అన్న తగవు ఉన్నదే, అది రెండు గింజలూ చేతిలో పట్టుకున్న మరుక్షణం తేలిపోతుంది. రెండు తెలుపులు పడాలంటే రెండు గింజలూ కావాలి.

ఇప్పుడు అరగదీయని గింజ తీయండి. రెండు వైపులా నలుపే. ఒక అరగదీసిన గింజతో కలిపి దీన్ని ఎగరేయండి. ఎన్నిసార్లయినా ఎగరేయండి, సాయంత్రం దాకా ఎగరేయండి. తెల్లజంట పడదు గాక పడదు. వాహకుడు వాహకురాలు కానివారిని చేసుకుంటే పిల్లల్లో సగంమంది వాహకులు కావచ్చునేమో గాని జబ్బు మాత్రం రాదు. రెండు వైపులా తెలుపు అరగదీసిన గింజ, అంటే జబ్బు ఉన్న మనిషి, అరగదీయని గింజతో కలిసినా అంతే. పిల్లలందరూ వాహకులవుతారు, జబ్బు ఒక్కరికీ రాదు. వాహకులతో కలిస్తే మాత్రం సగానికి సగం తెల్లజంటలే. జబ్బు ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోరాదని ఎవరైనా అంటే వాళ్ళ చేతిలో నాలుగు గింజలు పెట్టండి.

మన తెలుగునాట దీనికి ఇంకొక ముడి ఉన్నది. మేనరికం. మేనమామ కూతుర్నో, కొన్ని కులాల్లో మేనమామనే చేసుకోవటం మనకు అనాదిగా అలవాటు. అమ్మమ్మ దగ్గర ఒక తెల్ల చీటీ ఉన్నదనుకోండి. ఆ ఒక్క చీటీయే నకలు నకలుగా కొడుకు ద్వారా మనమరాలికి, కూతురు ద్వారా మనమడికి దిగవచ్చు. ఆ ఇద్దరికీ పెళ్ళి జరిగితే ఒకే పాత చీటీ రెండు దారులా వచ్చి ఒక బిడ్డ దగ్గర కలుసుకుంటుంది. బయటి సంబంధమైతే అట్లా కలిసే అవకాశం తక్కువ. బ్రిటనులో పేరుమోసిన జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖానుతో కలిసి 1960 దశకం మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికపు పెళ్ళిళ్ళను లెక్కగట్టి ప్రకటించాడు. అయితే ఒకమాట. ఒక చీటీ గూడెం గూడెంలోనూ చాలామంది దగ్గర ఉన్నప్పుడు, బంధువులు కానివారిని చేసుకున్నంత మాత్రాన తప్పించుకోలేం. గట్టు వేరైనా, ఊరు వేరైనా రెండు గింజలూ అరగదీసినవే కావచ్చు. అది నోటిలెక్కకు తెలియదు, రక్తపు బొట్టుకే తెలుస్తుంది.

అసలు ఇటువంటి చెడ్డ చీటీ ఇన్ని తరాలు ఎందుకు నిలిచింది? జబ్బు చేసే చీటీ ఎప్పుడో అంతరించిపోవలసింది గదా! ఈ ప్రశ్నకు 1954లో అలిసన్ అనే వైద్యుడు ఆఫ్రికాలో జవాబు చెప్పాడు. ఒక్క తెల్ల చీటీ ఉన్న వాహకులను మలేరియా అంత సులభంగా చంపలేదు. మన అడవుల్లో చలిజ్వరం ఎంతమంది పసివాళ్ళను తినేసిందో పెద్దవాళ్ళనడగండి. దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికిందరాబాదులోనే. ఆ జ్వరం తిరిగే అడవిలో కలగలుపు గింజ ఉన్న బిడ్డే ఎక్కువగా బతికి పెద్దయింది, తన చీటీని పిల్లలకిచ్చింది. జబ్బు చీటీ అని మనం తిట్టుకునేది ఒకనాడు ఎందరి ప్రాణమో కాపాడింది.

అంతేకాదు, పిల్లలూ, "దాగి ఉంటుంది" అని నేనన్న మాటకూడా పూర్తిగా నిజం కాదు. వాహకుల రక్తాన్ని పరీక్షిస్తే రెండు రకాల హిమోగ్లోబినూ పక్కపక్కనే దొరుకుతాయి. జబ్బు దృష్టితో చూస్తే తెలుపు దాగినట్లు, రక్తం దృష్టితో చూస్తే రెండూ బయటే ఉన్నట్లు. ఈ రెండు హిమోగ్లోబినులకూ తేడా ఎంతనుకున్నారు? 1956లో కేంబ్రిడ్జిలో ఇన్‌గ్రమ్ దాన్ని ముక్కలు చేసి చూశాడు. 146 పూసల దండలో ఆరో పూస మారింది. గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉన్నది. అంతే.

మీ పంతులుగారు ఈ పాఠం చెప్పేటప్పుడు "నాలుక గొట్టంలా మడవగలవారు చేతులెత్తండి" అంటారేమో. నేను చిన్నప్పుడు మడవలేక, మా ఇంట్లో అందరూ మడుస్తూంటే, నన్ను ఎక్కడినుంచో తెచ్చుకున్నారని రెండు రోజులు అన్నం మానేశాను. అనవసరం! 1940లో స్టర్టివంట్ నాలుక మడత బహిర్గత లక్షణమని రాసిన మాట నిజమే. కాని 1952లో అచ్చుగుద్దినట్లుండే కవలలు 33 జతలను పరీక్షిస్తే, ఏడు జతల్లో ఒకరు మడిచారు, ఒకరు మడవలేకపోయారు. ఇద్దరికీ చీటీలన్నీ ఒకటే అయినప్పుడు అట్లా ఎందుకు జరగాలి? స్టర్టివంట్ కూడా తరువాత తన మాట వెనక్కు తీసుకున్నాడు. చెవితమ్మెల సంగతీ అంత సులభం కాదు. వీటిని పట్టుకుని ఎవరు ఎవరి బిడ్డ అని తేల్చబోకండి. బహిర్గతమంటే గొప్పదనీ, ఎక్కువమందిలో ఉంటుందనీ కూడా అనుకోకండి. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అయినా వందమంది చేతులు చూస్తే ఒక్కరికి దొరకటం కష్టం.

కొడవలి చీటీ మాత్రం సరిగ్గా చింతగింజల లెక్కనే నడుస్తుంది. అందుకే ఈ పాఠానికి కొత్తగూడ వంటి ఊరు కావాలన్నాను. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును 2047 నాటికి నిర్మూలించాలని ఒక ఉద్యమం ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని సంకల్పం. పదిహేడు రాష్ట్రాల్లో తెలంగాణా, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. వేలికొన మీద చిన్న పోటు, ఒక చుక్క రక్తం. ఆ చుక్కను ఒక మందునీళ్ళలో కలిపితే మామూలు రక్తమైతే తేటగా ఉంటుంది, కొడవలి చీటీ ఉంటే కలక బారుతుంది. కలక బారితే ఇంకొక పెద్ద పరీక్ష చేసి, వాహకులా, జబ్బు ఉన్నదా తేలుస్తారు.

జబ్బు ఉన్నదని తేలితే? హైడ్రాక్సీయూరియా అనే మాత్ర డాక్టరు చెప్పినట్లు రోజూ వేసుకుంటే నొప్పి వచ్చే రోజులు తగ్గుతాయి. తోబుట్టువు మూలుగ సరిపోతే మూలుగ మార్పిడితో పూర్తిగా నయమైనవాళ్ళున్నారు. 2023 చివర బ్రిటన్‌లో, అమెరికాలో జన్యువునే సవరించే చికిత్సకు అనుమతి దొరికింది, కాని దాని ఖరీదు వింటే కళ్ళు తిరుగుతాయి. వీటన్నిటికన్న ముందు కావలసింది మంచినీళ్ళు. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా, అలిసిపోయినా కణాలు కొడవళ్ళవుతాయి. అందుచేత మన తమ్ముడు తరగతిలో పదేపదే నీళ్ళు తాగుతాడు. పదేపదే బయటికి పోవలసి వస్తుంది కూడా. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం వాడికి పనికిరాదు. వరసగా పరుగుపందెం పెడితే వాడు చెట్టు కింద కూర్చుంటాడు. వాడు కూర్చుని ఏం చేస్తాడంటారా? లెక్క రాస్తాడు. గింజలు ఎగరేసేవాళ్ళు ఇద్దరు, రాసేవాడు ఒకడు కావాలి గదా.

బస్సు వేళయింది. పాకాల దాటేసరికి పొద్దు గుంకుతుంది. గింజలు జేబులో వేసుకోండి, దారిలో నాలుగు వందలు పూర్తి చేయవచ్చు. అరగదీయని వాటిని కలపకుండా వేరే జేబులో పెట్టండి.